బయో ఇంజినీరింగ్, పర్యావరణం రెండూ చదవాలంటే కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువునైనా తీసుకోండి. సీడ్‌లో (చెరువులో వదిలే రొయ్య పిల్లల్లో) తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో తేల్చేది బయోటెక్నాలజీ. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలితే దిగువన ఏం జరుగుతుందో చెప్పేది పర్యావరణ శాస్త్రం. రెండూ తెలిసినవాళ్లు గోదావరి డెల్టాకు నిజంగా కావాలి. అయితే రెండూ నేర్పుతామనే కాలేజీలన్నీ నేర్పవు. అందుకే బ్రోషర్ పక్కన పెట్టి సిలబస్ తెరవండి.

1. మీ గ్రూపుకు ఏ దారులున్నాయో చూడండి

బయో ఇంజినీరింగ్ పేరు కింద చాలా బ్రాంచీలు వస్తాయి. బయోమెడికల్ అంటే ఎక్కువగా ఆసుపత్రి పరికరాల చదువు. పర్యావరణంతో బాగా కలిసేది బయోటెక్నాలజీ, బయోకెమికల్ వైపే.

ఎంపీసీ వాళ్లకు తాడేపల్లిగూడెం నిట్‌లోనే బీటెక్ బయోటెక్నాలజీ ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా (ఐఐటీలు, నిట్‌ల ఉమ్మడి) కౌన్సెలింగ్‌లో ఇస్తారు, సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకే. పర్యావరణ ఇంజినీరింగే ప్రధాన బ్రాంచిగా కావాలంటే ధన్‌బాద్ ఐఐటీ చూడండి.

నిట్‌కు ఇంటర్ లెక్కలు తప్పనిసరి కాబట్టి బైపీసీ వాళ్లకు ఆ దారి లేదు. ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో కొన్ని కాలేజీల బయోటెక్నాలజీ సీట్లు వస్తాయి. తిరుపతి ఐసర్‌లో (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు కూడా పరీక్ష రాయొచ్చు. అందులో 60 ప్రశ్నలకు 15 లెక్కలవే. బీటెక్‌లో చేరే బైపీసీ పిల్లలు ఒక సంగతి ముందే అడగాలి: లెక్కల బ్రిడ్జి కోర్సు ఉందా, ఎవరు చెబుతారు? బయోరియాక్టర్ (సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు) డిజైన్ నిండా డిఫరెన్షియల్ సమీకరణాలే. ఆ పునాది లేక సబ్జెక్టులు మిగిల్చుకునేవాళ్లు ఉంటారు.

2. సిలబస్‌ను క్రెడిట్లలో లెక్కేయండి

అసలు పని ఇదే, ఒక పూట కేటాయించండి. కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్నదైతే దాని వెబ్‌సైట్ నుంచి, లేకపోతే యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి ఇప్పుడు అమల్లో ఉన్న రెగ్యులేషన్ (కోర్సు నిబంధనలు) సిలబస్ దించుకోండి. పాత రెగ్యులేషన్ చూసి నిర్ణయం తీసుకుంటే మీరు చేరేసరికి సబ్జెక్టులే మారిపోయి ఉండొచ్చు. ఎనిమిది సెమిస్టర్ల సబ్జెక్టులూ కాగితం మీద రాసి, పక్కన క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే బరువు అంకెలు) వేసి, జీవశాస్త్రం వాటికి ఒక రంగు, పర్యావరణం వాటికి ఇంకో రంగు గీత గీయండి.

ఇక్కడ చాలామంది మోసపోయేది 'ఎన్విరాన్‌మెంటల్ సైన్స్' పేపరు దగ్గర. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల పుణ్యమా అని అది ప్రతి డిగ్రీలోనూ ఉంటుంది. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో దానికి క్రెడిట్లే లేవు, పాసైతే చాలు. దాన్ని మీ లెక్కలో కలపకండి. వ్యర్థజలాల శుద్ధి, బయోరెమిడియేషన్ (సూక్ష్మజీవులతో కాలుష్యం తొలగించడం), పర్యావరణ ప్రభావ అంచనా, ఘనవ్యర్థాల నిర్వహణ లాంటివి కనీసం నాలుగు, క్రెడిట్లతో, ఒక ల్యాబ్‌తో సహా ఉండాలని మా అభిప్రాయం.

అంతకు తక్కువైతే మైనర్ డిగ్రీ (సొంత బ్రాంచితో పాటు అదనంగా చదివే రెండో విభాగం) ఇస్తారేమో చూడండి. బీటెక్ మొత్తానికి సుమారు 160 క్రెడిట్లు, మైనర్‌కు అదనంగా మరో 18 నుంచి 20. సివిల్ విభాగం పర్యావరణ ఇంజినీరింగ్‌లో మైనర్ నడిపితే మీకు సరిగ్గా సరిపోతుంది.

సిలబస్‌లో అచ్చయిన ఎలెక్టివ్‌లన్నీ (మనం ఎంచుకునే సబ్జెక్టులు) నడవవు. చెప్పే మాస్టారు లేకపోయినా, తగినంతమంది పిల్లలు చేరకపోయినా ఎత్తేసి, ఉన్నదే అందరికీ ఇస్తారు. నాలుగో ఏడాది విద్యార్థులను పట్టుకుని, 'మీకు ఏ ఎలెక్టివ్ నడిచింది?' అని అడగండి. ఆఫీసులో అడిగితే జాబితా చదివి వినిపిస్తారు, అంతే.

3. ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి

సెలవుల్లో కాదు, క్లాసులు జరిగే రోజున వెళ్లండి. బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్) కొలిచే ఇంక్యుబేటర్ ఎక్కడుందో అడగండి. మన దేశ ప్రమాణం ప్రకారం నీటి నమూనా సీసాలను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచాలి. మధ్యలో కరెంటు పోయి ఉష్ణోగ్రత మారితే ఆ ఫలితం పనికిరాదు. కాబట్టి జనరేటర్ లైను ల్యాబ్‌కు ఉందో లేదో అడగడం చిన్న ప్రశ్నేమీ కాదు. పీసీఆర్‌కు వాడే ఎంజైమును మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి, దానికీ ఇదే ప్రశ్న. పరికరం పక్కన లాగ్‌బుక్ తెరిచి చివరి తేదీ చూడండి. ఆరునెలల క్రితం తేదీ ఉంటే అది తనిఖీల కోసం పెట్టిన పరికరమని అర్థం.

నాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు ఇచ్చేది. బయోటెక్నాలజీకే ఎన్‌బీఏ ఉందా, ఎప్పటివరకు ఉంది అని చూడండి.

ప్రాజెక్టులు ఎక్కడ చేయిస్తారో కూడా తెలుసుకోండి. కొల్లేరు, కోరింగ మడ అడవులు, ఆక్వా చెరువుల డ్రెయిన్లు దగ్గర్లోనే ఉన్నాయి. కాకినాడలో కేంద్ర మత్స్యవిద్యా సంస్థ కేంద్రం ఉంది. కోరింగ, కొల్లేరు అభయారణ్యాల్లో నమూనాలు తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. గత రెండేళ్ల ప్రాజెక్టుల పేర్లు చూపించమనండి, అన్నీ ఇంటర్నెట్ సమీక్షలే అయితే ఆలోచించుకోండి.

4. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు మీరే పెట్టండి

ఇంటర్నెట్ సెంటర్లో ఓటీపీ చెప్పేసి బయటికి రావద్దు. సీటు మీరు పెట్టిన వరుసలోనే వస్తుంది కాబట్టి పేరున్న కాలేజీలో వేరే బ్రాంచి పైన పెడితే, ర్యాంకు సరిపోతే అదే ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు కన్వీనర్ కోటాకే కట్టుబడండి, మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదు. ఫ్రీజ్ చేసే ముందు ప్రింటు తీసి, కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రెండూ మీరు రాసుకున్న కాగితంతో సరిచూసుకోండి.