కొవ్వు తక్కువ పంది మాంసం: ఎంపిక, వంట, పోషక విలువ

పంది కొవ్వులో ఎక్కువ భాగం చర్మం కిందనే మందపాటి పొరగా పేరుకుంటుంది కాబట్టి, ఆ పొరను కోసి తీసేస్తే మిగిలే కండలో చాలామంది భయపడేంత కొవ్వు ఉండదు. కొనేటప్పుడు వెన్నెముక వెంట లోపలివైపు ఉండే టెండర్‌లాయిన్‌ను అడిగి తీసుకోవాలి. పొట్ట భాగం జోలికి పోకూడదు. పచ్చి టెండర్‌లాయిన్ 100 గ్రాములలో సుమారు 21 గ్రాముల ప్రోటీన్, 2 నుంచి 4 గ్రాముల కొవ్వు ఉంటాయి.

దీని అసలు గొప్పతనం థయామిన్, అంటే బి1 విటమిన్. గొడ్డు మాంసంలో గాని కోడి మాంసంలో గాని అది ఇంతగా దొరకదు. అయితే థయామిన్ నీటిలో కరిగిపోతుంది, వేడికి కొంత నశిస్తుంది కనుక, ఉడికించిన నీటిని పారబోయకుండా కూరలోనే ఇగిరించాలి. ఇనుము మాత్రం గొడ్డు మాంసంకన్నా తక్కువే.

పంది నెమరువేసే జంతువు కాదు కాబట్టి, మేతలోని కొవ్వు ఆమ్లాలు పెద్దగా మారకుండానే దాని కొవ్వులోకి చేరతాయి. అందువల్ల అది ఏం తిని పెరిగిందని అడగడం చాదస్తమేమీ కాదు.

టెండర్‌లాయిన్ ముక్క వండేటప్పుడు త్వరగా ఎండిపోతుంది. థర్మామీటర్ మొనను మధ్యకు గుచ్చి, 63 డిగ్రీల సెల్సియస్ చూపగానే దించి, కోయకుండా 3 నిమిషాలు ఉంచాలి. లోపల లేత గులాబీ రంగు కనిపించినా కంగారు పడనక్కరలేదు. కైమాకు 71 డిగ్రీలు కావాలి. ఆరుబయట తిరిగి దొరికిందల్లా తినే పందుల కండలో బద్దెపురుగు తిత్తులు ఉండే ప్రమాదముంది. కోసినప్పుడు నీటిపొక్కుల్లాంటి తెల్లని తిత్తులు కనిపిస్తే ఆ మాంసాన్ని వండకూడదు.