మందు వేసుకునేది వాడు, మాట్లాడాల్సిందీ వాడే

ఒడిశా బరంపురంలో మా పేటలో ఎవరింట్లోనైనా మనసు బాగోలేని మనిషి ఉంటే, ఆ ఇంటివాళ్ళు చీకటి పడ్డాక మా గడప తొక్కుతారు. పగలొస్తే నలుగురి కంటా పడతామని భయం. మా తమ్ముడు పట్టుచీరల కొట్లో లెక్కలు రాస్తాడు, మనసు కొన్నాళ్ళు ఉరకలేసి, కొన్నాళ్ళు కుంగిపోయే బైపోలార్ జబ్బుకి మందులు వాడతాడు. ఆ రెండో సంగతి కూడా అందరికీ తెలుసు కాబట్టి మా ఇంటికి రావడం వాళ్ళకి తేలిక. ఇది రాయడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు, పేరు మాత్రం రాయొద్దన్నాడు.

వచ్చినవాళ్ళు మొదట అడిగేది "ఎక్కడ చూపించాలమ్మా?" అని. నేను తిరిగి అడిగేది "ఆ మనిషిని అడిగారా?" అని. చాలాసార్లు అడిగి ఉండరు. కడుపునొప్పి వస్తే ఎక్కడ, ఎప్పట్నించి అని రోగినే అడుగుతాం. మనసుకి జబ్బు చేస్తే మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళే తీర్మానం చేసేస్తారు.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. మా ఊళ్ళో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అయినా తెలుగువాళ్ళు చాలామంది రైలెక్కి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకి పోతారు. భాష ఒక కారణం. తెలిసినవాళ్ళెవరూ కనపడరన్నది అసలు కారణం. జబ్బు ఏమిటన్న దానిమీద అనుమానం ఉంటే, రెండో డాక్టరు మాట కూడా వినాలనిపిస్తే తప్పకుండా వెళ్ళండి. నెలనెలా చూపించుకోవడానికి మాత్రం దగ్గరి ఆస్పత్రే మేలు. ఈ మందులు ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు, రైలు తప్పిన నెల మందు తప్పకూడదు. పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్నవాళ్ళు జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజు ఉంటుందో ముందే కనుక్కోండి. ఒడిశా ప్రభుత్వాస్పత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితం. రాసిన మందు ఆ కౌంటర్లో లేకపోతే వేరేది సరిపోతుందా అని డాక్టర్నే అడగండి, కౌంటరు మనిషిని కాదు.

డాక్టరు దగ్గర మనకి దొరికేది కాసిని నిమిషాలు. కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టండి. మా బుక్కులో ఒక పేజీ ఇలా ఉంది: "మంగళవారం. నిద్ర 4 గంటలు. అలసట లేదంటున్నాడు. సొంతంగా చీరల వ్యాపారం పెడతానని ముగ్గురితో ఫోన్లో మాట్లాడాడు. రాత్రి మాత్ర వేసుకున్నాడు." దానికింద వాడి చేతిరాత: "నేను చేసింది ఒక్కరికే. మిగతా ఇద్దరూ వాళ్ళే చేశారు." ఆ బుక్కు వాడి చేతికి అందేచోటే ఉంటుంది. దాచిపెట్టి రాస్తే అది నిఘా అవుతుంది. "పిచ్చిగా ప్రవర్తించాడు" అని రాస్తే డాక్టరుకి ఏమీ తెలియదు. నిద్ర ఎన్ని గంటలు, డబ్బు ఎంత పోయింది, తిండి ఎలా ఉంది, ఏ మాత్రలు తప్పాయి, చచ్చిపోతానన్న మాటేమైనా వచ్చిందా, ఇవి రాయండి.

గదిలోకి వెళ్ళాక డాక్టరుకి ఎదురుగా రోగిని కూర్చోబెట్టి మీరు పక్కన కూర్చోండి. ఒక ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరుగారు వాడి మొహం చూడకుండా "ఇతను రాత్రిళ్ళు పడుకుంటున్నాడా?" అని నన్నే అడిగేవారు. నేను వాడి వైపు తిరిగి "ఏరా, పడుకుంటున్నావా?" అనేదాన్ని. నాలుగో ప్రశ్నకల్లా ఆయనే దారికొచ్చారు. భాష దగ్గరా మొహమాటం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను ప్రకారం, జబ్బు ఏమిటో, ఏ వైద్యం ఇస్తున్నారో, దానివల్ల వచ్చే ఇబ్బందులేమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పించుకునే హక్కు ఉంది. మనకి ఒడియా బజార్లో బేరమాడేంత వస్తుంది. రాత్రిపూట ఎలాంటి ఆలోచనలు వస్తున్నాయో చెప్పడానికి అది చాలదు. తెలుగొచ్చిన నర్సో, జూనియర్ డాక్టరో ఉన్నారేమో అడగండి. పక్కింటాయన్ని మాత్రం మాట సాయానికి తీసుకెళ్ళకండి, సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోతుంది.

ఏ మందు రాసినా ఇది ఎందుకు, ఎన్నాళ్ళకి గుణం కనపడుతుంది, ఏం ఇబ్బంది పెడుతుంది, ఆపాలంటే ఎలా అని అడగండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. వారానికే "ఇదేం పనిచేయలేదు" అని మానేసేవాళ్ళని చాలామందిని చూశాను. ఒలాంజపిన్‌తో బరువు, షుగరు పెరగొచ్చు, మొదటిరోజే బరువు చూసి రాసుకోండి. హాలోపెరిడాల్ లాంటి పాత మందులతో ఒళ్ళు బిగుసుకుపోయి చేతులు వణికితే జబ్బు ముదిరిందనుకోకండి. అది మందు వల్ల కావచ్చు, డోసో మందో మార్చే వీలుంటుంది. వయసులో ఉన్న ఆడపిల్లకి బైపోలార్‌కి వాడే వాల్‌ప్రోయేట్ రాస్తే, గర్భం వస్తే బిడ్డకి ఏమవుతుందని తప్పకుండా అడగండి. పెళ్ళికాని పిల్ల కదా అని అటు డాక్టరూ ఇటు తల్లీ ఆ మాటే ఎత్తరు. రోజూ మాత్ర వేసుకోలేనివాళ్ళకి కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి.

మా వాడు వాడేది లిథియం. మా ఊరి ఎండల్లో ఆ మందుతో నెగ్గుకురావడం ఒక విద్య. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఉప్పు హఠాత్తుగా మానేసినప్పుడు, నీళ్ళు కూడా తాగకుండా ఉపవాసం ఉన్నప్పుడు ప్రమాదం. తలనొప్పనో మోకాలినొప్పనో మందుల షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొని వేసుకోకూడదు. అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, తూలడం, వాంతులు, మాట ముద్దగా రావడం కనపడితే తర్వాతి డోసు వేయకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. రక్తపరీక్షకి రాత్రి డోసు వేసుకున్న 12 గంటల తర్వాత రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా ఎప్పుడెప్పుడు చేయించాలో అడిగి రాసుకోండి.

మా ఊళ్ళో ఇంకో సంగతుంది. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర. వారాల తరబడి రాత్రిళ్ళు డప్పులు, వేషాలు, జనం. బైపోలార్ ఉన్న మనిషికి వరసగా నిద్ర చెడితే మేనియా, అంటే మనసు ఉరకలేసే దశ, తిరగబెట్టొచ్చు. అలాగని వాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. యాత్రకి ముందే డాక్టర్ని కలుస్తాం. ఏ రోజుల్లో వెళ్ళాలో, ఎన్నింటికి తిరిగి రావాలో వాడే చెబుతాడు. "అక్కా, పదికల్లా వచ్చేస్తాను. రాకపోతే నువ్వు ఫోన్ చెయ్, నేను తిట్టినా సరే" అన్నది వాడు పెట్టిన షరతే.

గుణియా దగ్గరికి, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామనే పెద్దవాళ్ళతో కొట్లాడి లాభం లేదు. తాయెత్తు కడతామంటే, రోగికి ఇష్టమైతే, కట్టించండి. మాత్రలు ఆపమన్నా, కొట్టినా, పొగ పెట్టినా, గొలుసు వేసినా మాత్రం అక్కడ ఒక్క క్షణం ఉండకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే చోట మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక కాలిపోయారు, 28 మంది పోయారు. 2017 చట్టంలో 95వ సెక్షను ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదంటుంది.

అదే సెక్షను మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా కరెంటు షాక్ వైద్యం చేయకూడదని కూడా చెబుతుంది. సినిమాల్లో చూపించే దాన్ని మనసులో పెట్టుకుని వద్దనకండి. తీవ్రమైన డిప్రెషన్‌తో తిండీ నీళ్ళూ మానేసిన మనిషిని అది బతికించగలదు. జ్ఞాపకశక్తి కొంత దెబ్బతినొచ్చు, అదెంతవరకని అడగండి. విని, ఒప్పుకోవాలో వద్దో రోగి తేల్చుకోవాలి.

అడ్మిట్ చేయాల్సి వస్తే ఆ చట్టంలోనే ఏ సెక్షను కింద చేర్చుకుంటున్నారో అడగండి. తన ఇష్టంతో చేరితే 86. ఇంటికి పోతానంటే పంపాలి. మహా అయితే 24 గంటలు ఆపి పరీక్షించవచ్చు. తను ఒప్పుకునే స్థితిలో లేక, ప్రమాదం ఉన్నప్పుడు చేర్చేది 89. దానికి 30 రోజుల హద్దు ఉంది, అప్పీలుకి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ఉంది. గదిలో ఒంటరిగా బంధించడం అసలు చేయకూడదు. కట్టేయడం శిక్షగా చేయకూడదు. కట్టేసిన ప్రతిసారీ రోగి తన తరఫున ఎంచుకున్న నామినీకి 24 గంటల్లోపల చెప్పాలి.

ఆ నామినీ కాగితం ఒంట్లో బాగున్నప్పుడే రాయించుకోండి. తెల్లకాగితం మీద ఫలానావారు నా తరఫున ఉంటారని రోగి రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు, ఆ ఫలానావారు రాతలో ఒప్పుకోవాలి. మా వాడు నన్ను రాశాడు, మా అమ్మని రాయలేదు. అమ్మ కొన్నాళ్ళు మొహం ముడుచుకుంది. "నువ్వు ఏడుస్తావమ్మా, అక్కయితే గొడవ పెట్టుకుంటుంది" అన్నాడు. ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందస్తుగా రాసిపెట్టే పత్రం ఇంకోటి ఉంది. దానికి ఇద్దరు సాక్షులు కావాలి, బోర్డు దగ్గర నమోదు చేయించాలి. అత్యవసర చికిత్సకి అది వర్తించదు. ఈ కాగితాల దగ్గర ఇబ్బంది వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం అడగండి.

జనానికి ఏం చెప్పాలన్నది కూడా రోగి చేతిలోనే ఉండాలి. మా వాడు ముందు కొట్టు యజమానికి చెప్పాడు, వాడు పనికి ఆలస్యంగా రావడానికి ఆయన ఒప్పుకున్నారు. బంధువులకి తర్వాత చెప్పాడు. ఎవరైనా నన్ను గుచ్చి గుచ్చి అడిగితే "మందులు వాడుతున్నాడు, పనికి వెళ్తున్నాడు, మిగతాది వాణ్ణే అడగండి" అంటాను. వాణ్ణి అడిగే ధైర్యం ఎవరికీ లేదు! ఇక "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది" అనే పెద్దల మాటకి తలొగ్గకండి. పెళ్ళి వైద్యం కాదు. దాచి చేస్తే రెండు కుటుంబాలూ కోర్టు మెట్లెక్కుతాయి.

చావు మాట వినపడితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టండి. మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుల మందు, మాత్రల డబ్బా ఇంట్లోంచి తీసేయండి. 14416 టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం, ఉచితం, ఎప్పుడైనా పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వస్తే 108. ఆత్మహత్యాయత్నం చేస్తే పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఆగిపోకండి. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో చేశాడనే చట్టం భావిస్తుంది, శిక్షించకూడదంటుంది.

చివరగా వికలాంగుల కార్డు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, 40 శాతం గానీ అంతకు మించి గానీ అని డాక్టర్లు ధ్రువీకరిస్తే పెన్షన్ లాంటివి అడగొచ్చు. మా ఇంట్లో దీనిమీద వాదన తెగలేదు. నేను తీసుకోమంటాను. వాడు జీతం వస్తున్నంతకాలం వద్దంటాడు.