మన వీధి పని మనమే చదువుదాం – 4వ పాఠం: ఎస్టిమేట్

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. మీ మున్సిపల్ కౌన్సిల్ ఎజెండా సంపాదించి, అందులో 'ర్యాటిఫికేషన్ కొరకు' అని ఉన్న అంశాలకు పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాను. చైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో మొదలుపెట్టేసిన పనుల్ని, పెట్టేసిన ఖర్చుల్ని ఆ తర్వాత కౌన్సిల్ ముందుకు తెచ్చి ఆమోదం తీసుకుంటారు. అవే ఈ అంశాలు. తాగునీటి మోటారు కాలిపోయినప్పుడు సమావేశం దాకా ఆగలేరు కాబట్టి ఈ ఏర్పాటు అవసరమే. కానీ ఎజెండాలో సగం అంశాలు ఇవే ఉంటే, కౌన్సిల్‌లో చర్చ జరగడానికి ముందే పనులు తేలిపోతున్నాయని అర్థం. మీ వార్డు కౌన్సిలర్‌ను ఈ విషయం అడగొచ్చు.

ఇక ఈ పాఠం. కౌన్సిల్‌లో తీర్మానం అయింది, మీ వీధికి సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు మంజూరైంది. ఇప్పుడు చదవాల్సిన కాగితం ఎస్టిమేట్, అంటే అంచనా. ఇంజనీర్లు రాస్తారు కాబట్టి మనకు అర్థం కాదనుకుని దీన్ని ఎవరూ అడగరు. నిజానికి పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లెవరైనా చదవగలరు. పొడవు, వెడల్పు, మందం గుణించడం వస్తే చాలు. పని మొదలుకాకముందే చదవాలి, అదొక్కటే షరతు. కాంక్రీటు గట్టిపడ్డాక పైనుంచి చూసి దాని మందం ఎవరూ చెప్పలేరు.

ఎలా సంపాదించాలి

మొదట మామూలుగా అడగండి. మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్లి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని "సార్, మా వీధి రోడ్డు ఎస్టిమేట్ ఒకసారి చూడొచ్చా?" అంటే చాలాచోట్ల చూపిస్తారు. వీధిలో నలుగురు కలిసి వెళ్తే మంచిది, అందులో ఆడవాళ్లు కూడా ఉంటే ఇంకా మంచిది. వాకిట్లోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో వాళ్లకు తెలిసినంత కచ్చితంగా ఇంకెవరికీ తెలియదు. ఏఈ గారిని ప్రత్యర్థిగా చూడకండి. చిన్న మున్సిపాలిటీలో ఒక్క మనిషే ఎన్నో వార్డుల రోడ్లు, డ్రెయిన్లు, నీళ్ల పైపులు చూసుకుంటారు. పని దగ్గర ఇంకో జత కళ్లు ఉంటే నిజాయితీగా పనిచేసే ఇంజనీరుకు అది బలమే.

చూపించకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. సెక్షన్ 6 కింద పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీకి రుసుము 10 రూపాయలు, మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ పంచాయతీకైతే అదీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఎక్కడా కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తులో కథ రాయకండి, "ఫలానా వార్డు, ఫలానా వీధిలో సీసీ రోడ్డు పనికి మంజూరైన అంచనా నకలు ఇవ్వగలరు" అంటే సరిపోతుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం కాగితాలే కాదు, జరుగుతున్న పనినే తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు కూడా మనకు ఉన్నాయి.

కాగితం లోపల

ఎస్టిమేట్‌లో సాధారణంగా మూడు భాగాలుంటాయి. రిపోర్టులో ఈ పని ఎందుకు చేస్తున్నారో, డబ్బు ఏ గ్రాంటు నుంచి వస్తుందో ఉంటుంది. వివరమైన అంచనాలో కొలతలు ఉంటాయి. అబ్‌స్ట్రాక్ట్‌లో ఆ కొలతల్ని రేట్లతో గుణించిన మొత్తాలుంటాయి. మనవాళ్లు అబ్‌స్ట్రాక్ట్ తిప్పి చివరి అంకె చూసి "అబ్బో, అన్ని లక్షలా!" అని మూసేస్తారు. చివరి అంకెను బట్టి ఏమీ తేలదు. చదవాల్సింది మధ్యలోని కొలతల పట్టీ.

ఉదాహరణకు ఒక వీధి అనుకుందాం. పొడవు 120 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. పట్టీలో ఇలా ఉంటుంది:

మట్టి తవ్వకం: 120 × 4 × 0.20 = 96 ఘనపు మీటర్లు
గ్రావెల్ పరిచి రోలింగ్: 120 × 4 × 0.10 = 48 ఘ.మీ.
కింది పొర కాంక్రీటు: 120 × 4 × 0.10 = 48 ఘ.మీ.
పై పొర, ఎం20 కాంక్రీటు: 120 × 4 × 0.15 = 72 ఘ.మీ.

అన్నింటికంటే ముందు మొదటి వరుస దగ్గర ఆగండి. మట్టి తవ్వకం చిన్న ఖర్చు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, మీ ఇంటి భవిష్యత్తు మాత్రం ఆ వరుసలోనే ఉంది. తవ్వుతున్నది 20 సెంటీమీటర్లు. వేస్తున్న పొరలు 10, 10, 15 కలిపితే 35. అంటే కొత్త రోడ్డు ఇప్పుడున్న నేలకంటే 15 సెంటీమీటర్లు పైకి లేస్తుంది, దాదాపు అర అడుగు. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే వేస్తే ఇంకా లేస్తుంది. మన పట్టణాల్లో ఏ పాత వీధికైనా వెళ్లి చూడండి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగులు ఇప్పుడు రోడ్డుకంటే దిగువన ఉంటాయి. వానొస్తే ఇంట్లోకి నీళ్లు రాకుండా గడప దగ్గర ఇటుకలు పేర్చుకునే ఇళ్లు ఎన్నో. రోడ్డు వేసిన ప్రతిసారీ ఈ మొదటి వరుసను ఎవరూ అడక్కపోవడం వల్లే ఇలా జరిగింది. ఇల్లు ఎత్తు పెంచుకునే స్తోమత ఉన్నవాళ్లు పెంచుకున్నారు, లేనివాళ్లు నీళ్లు ఎత్తిపోసుకుంటున్నారు.

కాబట్టి టేపు తీసుకుని వీధిలో అందరికంటే పల్లంగా ఉన్న ఇంటి గడప, ఇప్పటి రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఆ కొలత 15 సెంటీమీటర్లకు దగ్గరగానో, తక్కువగానో ఉంటే ఆ ఇల్లు మునుగుతుంది. పని మొదలుకాకముందే, "తవ్వకం లోతు 0.20 బదులు 0.35 చేయండి" అని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తవ్వకం లోతు పెంచితే పెరిగే ఖర్చు, కాంక్రీటు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. అయితే కింద నీళ్ల పైపు ఎంత లోతులో ఉందో ముందే అడగాలి. లోతుగా తవ్వితే అది తగలొచ్చు.

మందం లెక్క

ఇక నాలుగో వరుస. 0.15 అంటే 15 సెంటీమీటర్ల మందం. మూడు సెంటీమీటర్లు తగ్గిస్తే ఏమవుతుందో చూద్దాం. 120 × 4 × 0.03 = 14.4 ఘనపు మీటర్లు. లెక్క సులువు కోసం ఘనపు మీటరు 6,000 రూపాయలనుకుంటే 86,400 రూపాయలు. (మీ ఎస్టిమేట్‌లో అసలు రేటు ఉంటుంది, దాన్నే వేసుకోండి.) ఎం20 కాంక్రీటులో ఘనపు మీటరుకు సుమారు 7 నుంచి 8 బస్తాల సిమెంటు పడుతుంది కాబట్టి, వందకు పైగా బస్తాలు మీ వీధికి రాకుండానే పోయాయన్నమాట. బొటనవేలి వెడల్పు మందం తగ్గితే పోయేది ఇంత.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. కాంక్రీటు పోసే రోజు ఉదయం, మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) తిరగక ముందే అక్కడ ఉండండి. రోడ్డుకు రెండు పక్కలా ఇనప చానెళ్లు నిలబెట్టి ఉంటాయి. చానెల్ పై అంచు నుంచి కింది పొర దాకా టేపు పెడితే 15 రావాలి. ఇది అందరూ చూసేదే. అసలు చూడాల్సింది మధ్యలో. అంచుల దగ్గర సరిగ్గా ఉంచి, నడిమధ్య కింది పొరను కాస్త ఎత్తుగా వదిలేస్తే అక్కడ కాంక్రీటు పలచబడుతుంది. పక్కనుంచి చూస్తే మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది.

అందుకే ఒక చానెల్ అంచు నుంచి ఎదుటి చానెల్ అంచుకు నైలాన్ దారం బిగించి లాగండి. రోడ్డు ఏటవాలు లేకుండా సమంగా వేస్తుంటే మధ్యలో దారం నుంచి కింది పొరకు 15 సెంటీమీటర్లు ఉండాలి. నీళ్లు రెండు పక్కలకు జారేలా మధ్యలో ఎత్తు ఇస్తుంటే లెక్క మారుతుంది. ఎస్టిమేట్‌లో ఆ వాలు 50కి 1, అంటే 50 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు దిగడం, అని ఉందనుకోండి. మధ్య నుంచి అంచుకు 2 మీటర్లు కాబట్టి మధ్యలో 4 సెంటీమీటర్లు ఎత్తు వస్తుంది. కాంక్రీటు దారంకంటే 4 పైకి వస్తుంది కాబట్టి, దారం కింద 11 ఉంటే సరిపోతుంది. ఈ తేడా తెలియక 11 చూడగానే మేస్త్రీతో గొడవకు దిగితే మన మాటకు విలువ పోతుంది. అక్కడ 8 ఉంటే మాత్రం ఫొటో తీసి, టేపు అంకె కనబడేలా, వెంటనే ఏఈ గారికి పంపండి. కాంక్రీటు పోయకముందైతే అరగంటలో సరిచేయొచ్చు.

అదే రోజు ఇంకో రెండు చూడండి. కాంక్రీటు పలచగా జారిపోతుంటే మిల్లర్‌లో నీళ్లు ఎక్కువ పోస్తున్నట్టు. పని సులువవుతుంది కానీ బలం తగ్గుతుంది. ఎం20 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాలి, దాన్ని పరీక్షించడానికి 15 సెంటీమీటర్ల ఘనాలు పోస్తారు. "క్యూబులు పోశారా అండీ?" అని అడగండి. ఆ మాట తెలిసిన మనిషి పక్కన ఉంటే పని తీరే మారుతుంది. మర్నాటినుంచి రెండు వారాలపాటు గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఎండాకాలంలో దీన్నే ఎగ్గొడతారు. నీళ్ల ట్యాంకర్ రాని రోజు వీధివాళ్లే తలా నాలుగు బిందెలు పోసిన చోట్లు నాకు తెలుసు, అక్కడ రోడ్లు నిలబడ్డాయి.

రాయని వరుసలు

ఉన్నవి చదవడం అయ్యాక లేనివి వెతకాలి. రోడ్డు కింద అడ్డంగా పైపులు వేసే అంశం ఉందా? లేకపోతే రేపు కుళాయి కనెక్షన్ కోసం కొత్త రోడ్డునే పగలగొడతారు. కొత్త కనెక్షన్లు కావాల్సినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకుని, రోడ్డుకు ముందే పని పూర్తి చేయించుకోవడం వీధి మొత్తానికి మేలు. పక్కన డ్రెయిన్ ఉందా? ఉంటే దాని నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయి? 120 మీటర్ల డ్రెయిన్‌కు 200కు 1 వాలు ఇవ్వాలంటే ఈ చివర నుంచి ఆ చివరకు 60 సెంటీమీటర్లు దిగాలి. అంత పల్లం లేకపోతే అది దోమల కుంటే. డ్రెయిన్ ఎస్టిమేట్‌కు లెవెల్స్ పట్టీ, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, జతచేసి ఉందో లేదో తప్పక చూడండి.

గ్రాంటు పేరు కూడా చూడాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి చిన్న పట్టణాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ముడిపెట్టింది, మిగతా 40 శాతమే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది. ఏ డబ్బుతో ఏం చేయొచ్చో తెలిస్తే, డ్రెయిన్‌కు వచ్చే డబ్బును రోడ్డుకు అడిగి కాదనిపించుకోనక్కర్లేదు.

1997లో మొదలైన జన్మభూమి రోజుల్లో పనికి ప్రజల వాటా కట్టాల్సి వచ్చేది. వాటా కట్టాం కదా అని వీధిలో ఒకరు కాకపోతే ఒకరు పని దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు చేతికి రసీదు ఇచ్చి వాటా అడగడంలేదు కానీ, ఇంటి పన్ను, నీటి పన్ను, ఆ ఎస్టిమేట్ అడుగున 18 శాతం జీఎస్టీ, అన్నీ మనం కడుతున్న వాటాలే. కుర్చీ వేసుకునే హక్కు ఎక్కడికీ పోలేదు.

ఈ వారం అభ్యాసం

మీ వార్డులో ఈ మధ్య మంజూరైన ఒక రోడ్డు ఎస్టిమేట్ సంపాదించండి. పొరల మందాలన్నీ కూడి, తవ్వకం లోతు తీసేసి, రోడ్డు ఎంత లేస్తుందో రాయండి. ఆ వీధిలో మూడు పల్లపు ఇళ్ల గడపలు కొలిచి పక్కన రాసుకోండి. పని ఇంకా మొదలుకాకపోతే ఆ కాగితం కమిషనర్ ఆఫీసు ఇన్‌వార్డులో (వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట) ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పని అయిపోయి ఉంటే పారేయకండి. వచ్చే పాఠం ఎం-బుక్ గురించి, అంటే పని పూర్తయ్యాక బిల్లు కోసం రాసే కొలతల పుస్తకం గురించి. అందులోని అంకెల్ని ఈ ఎస్టిమేట్ పక్కన పెట్టి చూస్తాం.