తిరుపతి హాస్టల్ జనమంతా కలిసి ఆడే మైన్‌క్రాఫ్ట్ సర్వర్: పెట్టడం, రద్దీ తట్టుకోవడం

సర్వర్ తడబడగానే అందరూ ర్యామ్ పెంచేస్తారు. జావా ఎడిషన్‌లో (కంప్యూటర్లకి వచ్చిన అసలు మైన్‌క్రాఫ్ట్) అసలు ఇరుకు అక్కడ కాదు, ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ దగ్గర. ఆటలోని లోకం సెకనుకి 20 టిక్కులు (ఆట ముందుకి కదిలే అడుగులు) నడవాలి, అంటే టిక్కుకి 50 మిల్లీసెకన్లు. జంతువులు, రెడ్‌స్టోన్ (ఆటలోని కరెంటు లాంటిది), ఆటగాళ్ల కదలికలు దాదాపు అన్నీ ఒకే థ్రెడ్ (ఒక్క కోర్ మీద నడిచే పని వరుస) మీద ఆలోపు ముగియాలి. ముగియకపోతే పగలగొట్టిన బ్లాక్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నెమ్మది కోర్లు పదహారు ఉన్నా ఇది తీరదు.

సర్వర్ రూములోనే పెట్టాలనుకుంటే ముందు రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ రౌటర్‌కిచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఒకే పబ్లిక్ ఐపీని మీ ప్రొవైడర్ చాలామందికి పంచుతున్నట్టు. పోర్ట్ ఫార్వర్డ్ (బయటి కనెక్షన్‌ని సర్వర్‌కి మళ్లించడం) ఎంత చేసినా బయటివాళ్లు రాలేరు. స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా క్లౌడ్‌లో మిషన్ అద్దెకు తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కి చెన్నైలో, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి ముంబై, హైదరాబాదుల్లో డేటా సెంటర్లున్నాయి. చెన్నై దగ్గర కదా అని తేల్చేయకండి, ప్రొవైడర్ దారి ముంబై చుట్టి రావచ్చు. గంట లెక్కన తీసుకుని, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య పింగ్ (సర్వర్‌కి సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) కొలిచాకే నెల డబ్బు కట్టండి.

వెర్షన్ 1.21కి జావా 21 వేసి, పేపర్ (వేగంగా నడిచేలా మలచిన మైన్‌క్రాఫ్ట్ సర్వర్) ఫైల్ నడపండి. మొదటిసారి అదే ఆగిపోతుంది. యూలా (లైసెన్స్ ఒప్పందం) ఫైల్‌లో ఫాల్స్‌ని ట్రూ చేసి మళ్లీ నడపాలి. టీసీపీ పోర్ట్ 25565 తెరవండి, వైట్‌లిస్ట్ (అనుమతించిన ఆటగాళ్ల జాబితా) పెట్టండి. 6 జీబీ మిషన్‌లో జావాకి 4 జీబీ చాలు, మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కి వదలాలి.

ఇక రద్దీ. సిమ్యులేషన్ డిస్టెన్స్ 10 ఉంటే ఒక్కో ఆటగాడి చుట్టూ 21×21, అంటే 441 చంకులు (16×16 బ్లాకుల ముక్కలు) బతికుంటాయి, అంటే వాటిలో ఆట నడుస్తూనే ఉంటుంది. 5కి దించితే 121. ముందు దించాల్సింది ఇదే. వ్యూ డిస్టెన్స్ 8 ఉంచితే చూపు మరీ కురచ కాదు. జనం తలో దిక్కుకి పోయినప్పుడు కొత్త చంకుల తయారీ నడ్డి విరుస్తుంది. అందుకే చంకీ ప్లగిన్‌తో 3000 బ్లాకుల వ్యాసార్థం ముందే తయారుచేయించి, అది దాటి పోకుండా వరల్డ్ బోర్డర్ గీయండి. అందరూ ఒకచోట చేరితే సమస్య వేరు: ప్రతివాడి కదలికా మిగతా అందరికీ పంపాలి. 20 మందికి 380 జతలు, 40 మందికి 1,560. జనం రెట్టింపైతే పని నాలుగు రెట్లు!

నిండుగా ఆడుతున్నప్పుడు ఎంఎస్‌పీటీ (టిక్కుకి పట్టే మిల్లీసెకన్లు చూపేది) కమాండ్ ఇవ్వండి. సగటు 40 దాటుతుంటే మాక్స్ ప్లేయర్స్ (ఒకేసారి ఆడగలిగే వాళ్ల పరిమితి) అక్కడే ఆపేయండి. జనం ఇంకా వస్తుంటే సర్వర్‌కి ముందు వెలాసిటీ ప్రాక్సీ (ఆటగాళ్లని మొదట అందుకుని లోపలి సర్వర్‌కి పంపే ప్రోగ్రామ్), క్యూ ప్లగిన్ పెట్టి, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్ల వారీగా వదిలినట్టు విడతలుగా లోపలికి పంపాలి. అప్పుడు వెనక సర్వర్‌లో ఆన్‌లైన్ మోడ్ (ఖాతా అసలుదేనా అని చూసే తనిఖీ) ఆపాల్సి వస్తుంది. కాబట్టి దాని పోర్ట్ ప్రాక్సీకి తప్ప ఎవరికీ అందకుండా ఫైర్‌వాల్ తప్పనిసరి. లేకుంటే ఎవడైనా అడ్మిన్ పేరుతో దూరిపోతాడు.

ల్యాగ్ అని ఫిర్యాదు వస్తే టీపీఎస్ (సెకనుకి నడుస్తున్న టిక్కులు) చూడండి. 20 ఉండి పింగ్ ఎక్కువైతే తప్పు నెట్‌ది. ఒక్కడికే అయితే వాడి వైఫైది. టీపీఎస్ 12కి పడితే స్పార్క్ ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపేది) నడపండి, చాలాసార్లు ఆటలో ఎవరో కట్టిన కోళ్ల ఫారమ్ బయటపడుతుంది.

రూములో పెట్టినవాళ్లకి యూపీఎస్ ఉండాలి. సేవ్ మధ్యలో కరెంటు పోతే చంకులు పాడవుతాయి. యూపీఎస్ మోగగానే స్టాప్ కమాండ్ ఇచ్చి దించండి. రోజూ ఒక బ్యాకప్ వేరే డిస్క్‌లోకి వెళ్లాలి.