సైటుకు కొత్త రూపు, 4వ పాఠం: వత్తుకు చోటు

పోయిన పాఠంలో ‘ఠ’ను 12, 14, 16, 18 పిక్సెళ్లలో రాసి, లోపలి చుక్క ఏ సైజులో మాయమై అది ‘ర’లా కనిపిస్తుందో చూడమన్నాను. ఫాంటు మారితే జవాబూ మారి ఉంటుంది. బ్రౌజర్లు మామూలుగా ఇచ్చే 16 పిక్సెళ్లు తెలుగుకు చాలునని కళ్లు మూసుకుని ఒప్పుకోకపోవడానికి అదే కారణం.

ఈసారి వరుస ఎత్తు, అంటే పేజీ రూపురేఖలు చెప్పే భాష అయిన సీఎస్‌ఎస్‌లో లైన్‌-హైట్. మన లిపికి అసలు పేచీ ఇక్కడే. ఇంగ్లీషులో ‘జీ’, ‘వై’ లాంటి నాలుగైదు చిన్న అక్షరాలకే తోక కిందికి దిగుతుంది. మనకు పైన గుడిదీర్ఘం, కింద వత్తు, ఒక్కోసారి రెండు వత్తులు. ఒక వరుసలో ‘రాష్ట్రం’ రాసి, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ పడేలా చూడండి. వరుస ఎత్తు 1.2, అంటే అక్షరం సైజుకు 1.2 రెట్లు పెడితే చాలా ఫాంట్లలో పైవరుస ట వత్తు కిందివరుస గుడిదీర్ఘానికి తగులుతుంది, లేదా తగిలీ తగలనట్టు ఉంటుంది. 1.5 దగ్గర విడిపోతాయి. వ్యాసాలకు నేను 1.7తో మొదలుపెట్టి, ఫాంటును చూసి అటూ ఇటూ జరుపుతాను.

ఆ అంకె పక్కన ‘ఈఎమ్’ (అక్షరం సైజును ఒకటిగా తీసుకునే కొలత) గానీ శాతం గుర్తు గానీ పెట్టకండి. ఒకసారి పేజీ మొత్తానికి 18 పిక్సెళ్ల అక్షరం, 1.7 ఈఎమ్ ఎత్తు ఇచ్చాను. బ్రౌజరు దాన్ని 30.6 పిక్సెళ్లుగా లెక్కగట్టి, ఆ ఫలితాన్నే 36 పిక్సెళ్ల శీర్షికకూ అప్పగించింది. అక్షరం కన్నా వరుస పొట్టిది! రెండు వరుసల శీర్షిక ఒకదానిపై ఒకటి ఎక్కింది. వట్టి 1.7 అని రాసి ఉంటే శీర్షిక తన సైజుతో తాను గుణించుకునేది, 61.2 వచ్చేది. శీర్షికకు అంత అక్కర్లేదు, 1.4 చాలు, కానీ ఎక్కువైన ఖాళీ వికారంగా ఉంటుందంతే, తక్కువైతే చదవలేం. నమూనా పేజీలో ఇంగ్లీషు వాక్యాలు నింపి చూసుకున్నాను కాబట్టి ఆ తప్పు చివరిదాకా దొరకలేదు. తెలుగు సైటుకు ఇంగ్లీషు నమూనా చూపిస్తే ఇప్పుడు నేను ఒప్పుకోను.

ఎత్తు బిగించిన మీటలు (బటన్లు), పెట్టెలు వత్తులను కత్తిరిస్తాయి. ‘శాస్త్రం’ అని ఉన్న మీటలో అడుగు తెగితే ఏం మిగులుతుందో ఊహించండి. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2018లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.1 (పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు మార్గదర్శకాలు) కూడా, చదువరి వరుస ఎత్తును 1.5కు పెంచుకున్నా పేజీలో ఏదీ చెడకూడదంటుంది. పెట్టెకు కనీస ఎత్తు ఇచ్చి, పెరిగే వీలు ఉంచండి.

అభ్యాసం: మండలి, నోటో శాన్స్ తెలుగు ఫాంట్లలో ఒకే పేరా పెట్టండి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘కీర్తి’ అందులో ఉండాలి. 1.3 నుంచి పదో వంతు చొప్పున పెంచుతూ, వత్తులు విడిపడిన అంకెను ఫాంటువారీగా రాసుకోండి. ఫోనులో కూడా చూడండి, అక్కడ వరుసలు వేరేచోట విరుగుతాయి. వచ్చే పాఠంలో లావు అక్షరాల సంగతి చూసేటప్పుడు ఆ రెండు అంకెలూ కావాలి.