గ్లైడర్ మోడల్ కంట్రోల్ సర్ఫేసులకు హింజ్ ఎంచుకోవడం

రేడియో కంట్రోల్ గ్లైడర్‌లో కదిలే పలకలను (కంట్రోల్ సర్ఫేసులను), అంటే రెక్క వెనుక అంచున ఉండి మోడల్‌ను పక్కకు ఒరిగించే ఐలెరాన్లను, అక్కడే ఉండి ల్యాండింగ్‌కు కిందికి దిగే ఫ్లాపులను, తోక మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌ను, పక్కలకు తిప్పే రడ్డర్‌ను కదిలించేది సర్వో అనే చిన్న మోటారే అయినా, ఆ కదలిక ఎంత కచ్చితంగా పలకకు చేరుతుందన్నది హింజ్ మీద, అంటే పలకను రెక్కకు లేదా తోకకు కలిపే కీలు మీద, ఆధారపడి ఉంటుంది. హింజ్‌లో వదులూ ఉండకూడదు, బిగుతూ ఉండకూడదు. సర్వో నుంచి వచ్చే కడ్డీ (పుష్‌రాడ్) తగిలించేందుకు పలకకు బిగించే చిన్న కొమ్ము హార్న్; దాని రంధ్రం హింజ్ గీతకు 10 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, హింజ్ ముందుకూ వెనక్కూ అర మిల్లీమీటరు ఆడుతూ ఉంటే, 40 మిల్లీమీటర్ల వెడల్పు గల ఐలెరాన్ వెనుక అంచు దాదాపు 2 మిల్లీమీటర్లు తనంతట తానే కదలగలదు. నేల మీద పట్టించుకోనక్కర్లేదనిపించే ఈ వదులే వేగం పెరిగినప్పుడు ఫ్లట్టర్‌కు, అంటే పలక గాలిలో విపరీతంగా కొట్టుకోవడానికి, దారి తీస్తుంది. బిగుతైన హింజ్ మరో రకంగా నష్టం చేస్తుంది: పలక ప్రతిసారీ ఒకే మధ్య స్థానానికి తిరిగి రాదు, సర్వో దానితో పెనుగులాడుతూ బ్యాటరీని ఖర్చు చేస్తుంది.

చాలామంది మొదట ఏ రకం హింజ్ కొనాలని ఆలోచిస్తారు కానీ, అంతకంటే ముందు తేల్చుకోవలసినది హింజ్ గీత రెక్క పై ఉపరితలంలో ఉండాలా, కింది ఉపరితలంలో ఉండాలా, మందం మధ్యలో ఉండాలా అన్నది. పై ఉపరితలంలో హింజ్ ఉన్న పలక పైకి లేచినప్పుడు కింది వైపు సందు తెరుచుకుంటుంది కాబట్టి అడ్డేమీ ఉండదు; కిందికి దిగినప్పుడు మాత్రం రెండు అంచులూ ఒకదానికొకటి తగులుతాయి. అందుకే ఆ వైపు అంచును ఏటవాలుగా చెక్కాలి. హింజ్ దగ్గర రెక్క మందం 8 మిల్లీమీటర్లు ఉండి, పలక 30 డిగ్రీలు కిందికి దిగాలంటే, ఒక అంచునే చెక్కినా కింది వైపు 4.6 మిల్లీమీటర్ల సందు సరిపోతుంది. ఐలెరాన్లు సాధారణంగా కిందికి దిగేదానికంటే పైకి ఎక్కువగా లేస్తాయి కాబట్టి వాటికి పై హింజ్ చక్కగా కుదురుతుంది. ల్యాండింగ్ కోసం 90 డిగ్రీల వరకు దించవలసిన ఫ్లాప్ సంగతి వేరు: అదే మందంలో పై హింజ్‌తో ఆ కదలిక రావాలంటే రెండు అంచులనూ 45 డిగ్రీల చొప్పున చెక్కి, కింద 16 మిల్లీమీటర్ల సందు వదలాలి. అంత పెద్ద సందును గాలికి అప్పగించడం కంటే, ఫ్లాప్ హింజ్‌ను కింది ఉపరితలానికి మార్చి, పైన తెరుచుకునే సందును పలుచని సీల్ పట్టీతో మూయడం మేలు. రడ్డర్ రెండు వైపులా సమానంగా తిరుగుతుంది కాబట్టి దానికి మధ్య హింజ్ సహజం. ఎలివేటర్‌కు మధ్య హింజ్ గానీ, పలక పలుచగా ఉంటే పై టేపు గానీ సరిపోతుంది.

గీత ఎక్కడో తేలాక రకాన్ని ఎంచుకోవడం రెక్క దేనితో తయారైందన్న దానిని బట్టి సాగుతుంది. నునుపైన ఫిల్మ్ అంటించిన రెక్కలకూ, ఫైబర్ పూత ఉన్న రెక్కలకూ టేపు హింజ్ మొదటి ఎంపిక కావాలన్నది నా అభిప్రాయం. అది తేలికైనది, వదులు లేనిది, సందును పూర్తిగా మూసేది. పాడైతే ఊడదీసి మళ్లీ వేసుకోవచ్చు. అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పలకను పూర్తిగా వెనక్కి మడిచి, లోపలి మడతలో ఒక పట్టీ వేసి, తరువాత పలకను చాచి బయటి నుంచి రెండో పట్టీ వేయాలి. రెండు పట్టీల జిగురు ముఖాలు హింజ్ గీత దగ్గర ఒకదానికొకటి అంటుకున్నప్పుడే టేపు హింజ్‌కు నిజమైన బలం వస్తుంది. ఎండకూ కాలానికీ జిగురు ఎండిపోవడం దీని బలహీనత.

ఈపీపీ అనే, వంగినా విరగని ఫోమ్‌కు ఒట్టి టేపు బాగా అంటుకోదు. ముందుగా స్ప్రే జిగురు పలుచగా కొట్టి ఆరనిచ్చాక టేపు వేయాలి, లేదా ఆరిన తరువాత కూడా రబ్బరులా సాగే జిగురునే పలుచని పొరగా పూసి హింజ్‌గా వాడుకోవచ్చు. ఫోమ్‌నే నొక్కి మడతగా మార్చిన హింజ్‌లు చిన్న మోడళ్లకు చాలు, కానీ అవి తరచుగా బిగుతుగా ఉంటాయి. ఎగరేసే ముందు వాటిని చేత్తో చాలాసార్లు మడిచి మెత్తబరచాలి.

బాల్సా అనే తేలికైన చెక్కతో చేసిన పలకలకు సీఏ హింజ్ ముక్కలు, అంటే సీఏ అనే త్వరగా అంటుకునే పలుచని జిగురును పీల్చుకునే చిన్న పట్టీలు, అనువైనవి. ప్రతి ముక్క సగం రెక్కలోకి, సగం పలకలోకి వెళ్లేలా గాడి కోసి, గాడి మధ్యలో సన్నని రంధ్రం చేస్తే పలుచని సీఏ జిగురు లోపలి దాకా పాకుతుంది. ముక్క ఒక వైపే జారిపోకుండా మధ్యలో గుండుసూది గుచ్చి ఉంచాలి, పలకను అమర్చాక సూది తీసి జిగురు చుక్కలు వేయాలి. ఇక్కడ త్వరగా గట్టిపడేలా చేసే స్ప్రే వాడకూడదు, ఎందుకంటే జిగురు లోపలికి ఇంకక ముందే పైనే గట్టిపడిపోతుంది. మందమైన బాల్సా రడ్డర్లకూ పెద్ద మోడళ్లకూ పిన్ ఉన్న నైలాన్ హింజ్ మన్నికైనది, అయితే అన్ని పిన్నులూ ఒకే సరళరేఖలో ఉండాలి; అతికించే ఎపాక్సీ జిగురు చేరకుండా మడత భాగంలో కొద్దిగా వాసెలిన్ రాయాలి.

అచ్చులో పోసిన కాంపోజిట్ (ఫైబర్ గుడ్డ, రెసిన్ కలిపి చేసే) రెక్కల్లో ఉపరితలపు పొరలో వేసిన కెవ్లార్ అనే గట్టి ఫైబర్ గుడ్డనే హింజ్‌గా మడుస్తారు, లేదా సిలికాన్‌ను సన్నని గీతలా పోస్తారు. ఇవి తయారీ సమయంలోనే నిర్ణయమయ్యే విషయాలు కాబట్టి కొనేటప్పుడు పరీక్షించడం తప్ప చేయగలిగింది తక్కువ.

వేగం పెరిగే కొద్దీ ఎంపిక కఠినమవుతుంది, ఎందుకంటే గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే భారం నాలుగు రెట్లవుతుంది. డైనమిక్ సోరింగ్ మోడళ్లు, అంటే కొండ వెనుక వేగంగా వీచే గాలికీ నెమ్మది గాలికీ మధ్య చుట్లు తిరుగుతూ వేగం పెంచుకునేవి, గంటకు 800 కిలోమీటర్లు దాటాయి, అలాంటి వాటికి టేపు సలహా ఇవ్వడం అర్థరహితం. చేతితో విసిరే 1.5 మీటర్ల గ్లైడర్‌కు మాత్రం ప్రతి గ్రామూ లెక్కే కాబట్టి అక్కడ బరువైన పిన్ హింజ్‌కు చోటు లేదు.

హింజ్ అమర్చాక పుష్‌రాడ్ కలపక ముందే పలకను పైకెత్తి వదిలి చూడాలి. అది తన బరువుకే కిందికి జారితే బిగుతు లేనట్టు. ఆ తరువాత పలకను రెక్క నుంచి వెనక్కి లాగుతూ ప్రతి హింజ్ దగ్గరా సందు పెరుగుతోందేమో గమనించాలి. పుష్‌రాడ్ కలిపే హార్న్ రంధ్రం, సర్ఫేసు మధ్య స్థానంలో ఉన్నప్పుడు, హింజ్ గీతకు నిటారుగా ఎదురుగా ఉండాలి. పై హింజ్‌కు ఆ గీత పై ఉపరితలంలోనే ఉంటుంది కాబట్టి కింది నుంచి వచ్చే హార్న్ పొడవును రెక్క మందం కలిపి లెక్కించాలి.