బొర్రా గుహల దగ్గర బొంగు చికెన్ తినే ముందు

ముందే రేటు అడగండి. బొంగుకా, కిలోకా అన్నది తేల్చుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. సిగ్నల్ అందకపోతే ఫోన్‌పే పనిచేయదు, కొంత నగదు ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: పచ్చి మాంసం ఎక్కడ పెట్టారో చూడండి. ఎండలో, ఈగలు ముసిరిన గిన్నెలో ఉంటే ఆ కొట్టు వదిలేయండి. మీ కళ్లముందే వెదురు బొంగులో కూరి, ఆకులతో మూసి, నిప్పుల మీద పెట్టించుకోండి. వడ్డించాక పెద్ద ముక్క విరిచి చూడండి. లోపల పచ్చిగా ఉంటే మళ్లీ కాల్చమనండి, మొహమాటం వద్దు. హడావుడిగా దించినది నాకైతే అసలు నచ్చదు.

పిల్లలకు కారం తగ్గించమని ముందే చెప్పాలి. ముక్కల్లో వెదురు పేళ్లు లేకుండా చూసి పెట్టండి.

సీలున్న నీళ్లే తాగండి.

కోతులు ఎక్కువ, ప్లేటుతో బయట తిరగొద్దు. తిన్నాక అరగంట ఆగి ఘాట్ రోడ్డు ఎక్కండి.